పాత రాతిగుళ్ల మరమ్మతు ఎస్టిమేటును మార్చండి: దేవదాయ శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర దేవదాయ, ధర్మదాయ శాఖ మంత్రి గారికి,

నమస్కారాలు.

ముప్పై రెండేళ్లు ప్రభుత్వ ఇంజనీరుగా పనిచేసి, పదవీ విరమణ తర్వాత కడపలో ఉంటున్నవాణ్ణి. రాయలసీమలోని పాత రాతిగుళ్లకు ఎండా, వానా, నిర్లక్ష్యమూ చేసే చెరుపు కంటే మనం మంచి మనసుతో చేయిస్తున్న మరమ్మతులే ఎక్కువ చెరుపు చేస్తున్నాయని నా అనుభవంలో తేలింది. ఆ మాట మీ దృష్టికి తేవడానికే ఈ లేఖ. ఇందులో ఎవరి మీదా నేరం మోపే ఉద్దేశం లేదు. మోపవలసి వస్తే ముందు నా మీదే మోపుకోవాలి, ఎందుకంటే అలాంటి ఒక మరమ్మతుకు ఎస్టిమేటు రాసిందీ, దగ్గరుండి చేయించిందీ, కొలతలు రాసి బిల్లు పెట్టిందీ నేనే.

ఇరవై ఏళ్ల కిందటి మాట. పెన్నా తీరంలోని ఒక పల్లెలో విజయనగర కాలపు పద్ధతిలో కట్టిన చిన్న గుడి ఉంది. చుట్టుపక్కల కొండల్లో దొరికే ఇసుకరాతితో కట్టిన ముఖమండపం, పొడవూ వెడల్పూ పదేసి మీటర్లు, పదహారు స్తంభాలు, చుట్టూ వంపు తిరిగిన రాతి కపోతం (వాన నీరు గోడ మీద పడకుండా ముందుకు చాచిన చూరు), దాని అంచున వరసగా చిన్న చిన్న పూలు, చిలకలు. వానాకాలంలో పైకప్పు కారుతోందని ఊరివాళ్లు అర్జీ పెట్టుకోగా నిధులు మంజూరయ్యాయి. నేను వెళ్లి చూసి వచ్చి, బడిగదులకూ ఆసుపత్రి గదులకూ వాడే రేట్ల పట్టికనే ముందు పెట్టుకుని ఎస్టిమేటు తయారుచేశాను. మిద్దె మీద మిగిలిన పాత సున్నపు గచ్చును తవ్వి తీసేయడం, దాని స్థానంలో ఇనుప కడ్డీల వల పరిచి నాలుగు అంగుళాల కాంక్రీటు వేయడం, రాళ్ల సందులన్నింటినీ సిమెంటుతో నింపే పాయింటింగు, కపోతం అంచులు విరిగిన చోట సిమెంటుతో పూరించడం, స్తంభాల మీద తరతరాలుగా పేరుకున్న సున్నాన్ని శాండ్‌బ్లాస్టింగుతో, అంటే గాలి ఒత్తిడితో ఇసుకను కొట్టి, రాల్చడం, ఇవీ ఐటమ్‌లు. ఒక్క శాండ్‌బ్లాస్టింగుకు మాత్రం పట్టికలో రేటు లేక కొటేషన్లు పిలిచాం. మార్చి 31 లోగా పని ముగిసింది, గుడి కొత్తదానిలా ఉందని ఊరంతా మెచ్చుకుంది, నాకు శాలువా కూడా కప్పారు.

పని నడుస్తున్నప్పుడు ఆళ్లగడ్డ వైపు నుంచి వచ్చిన ఒక ముసలి రాతిపనివాడు నాతో ఒక మాటన్నాడు. "సార్, సిమెంటు రాయిని పట్టుకుంటే ఇడ్సదు. రేపు ఊడేది సిమెంటు గాదు, రాయే." చదువు లేని మనిషి మాట అని నవ్వి ఊరుకున్నాను. ఏడేళ్ల తర్వాత అదే గుడికి వెళ్లి చూస్తే, నేను వేయించిన సిమెంటు పాయింటింగు చెక్కుచెదరకుండా గీత గీసినట్టు నిలబడి ఉంది, దానికి రెండు వైపులా ఉన్న రాయి మాత్రం పొరలు పొరలుగా రాలిపోయి లోపలికి కుంగిపోయింది. కపోతం అంచున చిలకల్లో సగానికి ముక్కులు లేవు. ఈశాన్యం మూల దూలానికి అడుగున సన్నని పగులు వచ్చింది.

ఎందుకిలా జరిగిందో అర్థం చేసుకోవడానికి నాకు చాలాకాలం పట్టింది. ఇసుకరాయి నీళ్లు పీల్చుకునే రాయి. వానకు తడిసిన గోడ ఎండకు ఆరాలి, ఆ తేమ బయటికి పోవడానికి దారి కావాలి. పాత కట్టడాల్లో ఆ దారి రాళ్ల సందుల్లోని మెత్తని సున్నం. ఆ దారిని సిమెంటుతో మూసేస్తే తేమ రాయి గుండానే బయటికి రావాలి. వచ్చేటప్పుడు తనలో కరిగిన లవణాలను రాతి పైపొర కిందికి మోసుకొచ్చి, నీరు ఆవిరయ్యాక అక్కడే వదిలేస్తుంది. వాటిలో కొన్ని లవణాలు సిమెంటు నుంచి వచ్చినవే. అవి గడ్డకట్టి స్ఫటికాలుగా పెరిగేటప్పుడు రాతి పొరను లోపలి నుంచి తోస్తాయి. గోడ అడుగున తెల్లగా పూసే చౌడు ఇదే. కడప, అనంతపురం ఎండల్లో ఈ తడవడం, ఆరడం మరీ వేగంగా జరుగుతాయి కాబట్టి రాలడమూ వేగంగానే జరుగుతుంది. లేపాక్షి వంటి చోట్ల వాడిన గట్టి నల్లరాయి నీరు పీల్చదు కదా అని కొందరు ఇంజనీరు మిత్రులు అంటుంటారు. నిజమే, అక్కడ రాయి అంత త్వరగా రాలదు. కానీ వేసవి పగలు కాలి, రాత్రి చల్లబడే రాళ్లు వెంట్రుకవాసి కదులుతూనే ఉంటాయి. ఆ కదలికకు మెత్తని సున్నం లొంగుతుంది, సిమెంటు లొంగక తానైనా పగులుతుంది, లేదా రాతి అంచునైనా పెట్లిస్తుంది.

మిద్దె సంగతి ఇంకొంచెం వివరంగా చెప్పనివ్వండి, ఎందుకంటే రాయలసీమ గుళ్ల మీద ఎక్కువగా జరుగుతున్న పొరపాటు ఇదే. ఘనపు మీటరు కాంక్రీటు దాదాపు 2,500 కిలోలు తూగుతుంది. పది మీటర్ల చదరపు మండపం మీద పది సెంటీమీటర్ల మందాన పరిస్తే మొత్తం బరువు 25 టన్నులు. నేను తవ్వించి పారేసిన పాత గచ్చు అరిగి అరిగి రెండంగుళాలే మిగిలింది, దాని బరువు తొమ్మిది టన్నులకు మించదు. అంటే కారడం ఆపే పేరుతో ఆ మండపం నెత్తిన 16 టన్నులు అదనంగా పెట్టాను. రాయి నొక్కుడుకు ఎంతైనా ఓర్చుకుంటుంది గాని వంపుకు ఓర్చుకోదు, వంపులో దాని బలం నొక్కుడు బలంలో సుమారు పదో వంతే. అందుకే పాతవాళ్లు స్తంభాలను దగ్గర దగ్గరగా నిలిపారు, స్తంభం తలమీద దూలాన్ని మోసే బోదికలు పెట్టి దూలం నిడివిని ఇంకా తగ్గించారు. అంత లెక్కగా కట్టిన చోట నేను లెక్క వేయకుండా బరువు పెట్టాను. పోనీ కారడమైనా ఆగిందా అంటే అదీ లేదు. కింద రాళ్లు కదులుతుంటే పైన బిగిసిన స్లాబు పగిలింది, పగులులో దిగిన నీరు బయటపడే దారిలేక రాళ్ల మీదే నిలిచింది, లోపలి ఇనుప కడ్డీలు తుప్పుపట్టాయి.

ఇనుము గురించి వేరే దేశపు పాఠం ఒకటి ఉంది. ఏథెన్సులోని పార్థినాన్‌ను కట్టిన ప్రాచీన గ్రీకులు పాలరాళ్లను కలిపే ఇనుప బందులకు సీసం పోతపోసి, తడి తగలకుండా కాపాడారు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో దాన్ని బాగుచేసినవాళ్లు సీసం లేకుండా ఇనుము వాడారు. తుప్పు పట్టిన ఇనుము తన మునుపటి పరిమాణానికి రెట్టింపుకు పైగా ఉబ్బుతుంది కాబట్టి, ఆ బందులే పాలరాళ్లను చీల్చేశాయి. వాటిని తీసి టైటానియం బందులు వేయడానికి గ్రీసు దేశం కొన్ని దశాబ్దాలు శ్రమపడింది. మన ఊళ్లలో అంత పెద్ద పని ఎవరూ చేయడం లేదు గాని, ట్యూబులైటు కోసం, ఫ్యాను కోసం, మైకు తీగల కోసం చెక్కడపు స్తంభాలకు డ్రిల్లుతో రంధ్రాలు చేసి ఇనుప బోల్టులు దిగగొట్టడం ప్రతి గుడిలో చూస్తున్నాం. జరిగేది అదే.

సున్నం మాట ఎత్తగానే గుడ్లసొన కలిపితే గోడ వజ్రమవుతుందనే కథలు మొదలవుతాయి. వాటిని నేను పెద్దగా నమ్మను. బెల్లపు నీళ్లు, కరక్కాయ ఊట కలిపే పద్ధతి నిజంగానే ఉంది, పురావస్తు శాఖవాళ్లు ఇప్పటికీ వాడుతున్నారు. అయితే అసలు గుట్టు సున్నాన్ని ఎన్నాళ్లు నానబెట్టారు, గానుగలో ఎంతసేపు నూరారు, ఎన్ని పలుచని పొరలుగా మెత్తి ఎన్ని రోజులు తడి ఆరనివ్వకుండా కాపాడారు అన్నదాంట్లో ఉంది. గాలిలోని కార్బన్ డయాక్సైడును పీల్చుకుంటూ నెలల తరబడి మెల్లగా తిరిగి సున్నపురాయిగా మారే పదార్థమది. తొందరపెడితే పొడిపొడిగా రాలిపోతుంది. సున్నం పనికిరాదని పేరుపడటానికి సగం కారణం ఆ తొందరే. ఎర్రగుంట్ల నుంచి తాడిపత్రి దాకా, ఇటు బేతంచెర్ల దాకా నేలంతా సున్నపురాయి ఉన్న సీమ మనది, దాన్ని నమ్ముకుని సిమెంటు కర్మాగారాలు వరసగా వెలిశాయి. అలాంటి చోట ఒక మండపానికి సరిపడా మంచి రాతిసున్నం కావాలంటే బట్టీ ఎక్కడుందో ఊరూరా వాకబు చేయవలసి రావడం నాకు విచిత్రంగా తోస్తుంది.

ఇక శాండ్‌బ్లాస్టింగు. స్తంభాల మీది సున్నం పూతలను మురికిగా చూడటం నాకూ అలవాటే. కానీ ఎన్నో చోట్ల ఆ పూతల కిందనే ఉలి గీతలు సైతం చెదరకుండా శిల్పం భద్రంగా ఉంది. గాలి ఒత్తిడితో ఇసుకను కొడితే సున్నంతోపాటు రాతి పైపొర కూడా పోతుంది. కంటి రెప్పలు, నగల పూసలు, చీర కుచ్చెళ్ల మడతలు మొద్దుబారతాయి, గరుకెక్కిన రాయి దుమ్మునూ తేమనూ మునుపటి కంటే ఎక్కువ పట్టి ఉంచుతుంది. ఆ ధూళి పీల్చిన కూలీల ఊపిరితిత్తుల సంగతి సరేసరి. అన్నిటికంటే ముందు పోయేవి శాసనాలు, ఎందుకంటే వాటి అక్షరాలు లోతు తక్కువ. క్రీ.శ. 575 ప్రాంతంలో రేనాటి చోళరాజు ఎరికల్ ముత్తురాజు ధనంజయుడు వేయించిన తొలి తెలుగు శాసనం మన కడప జిల్లా కలమళ్ళలోని గుడి ప్రాంగణంలో దొరికిందే. అలాంటి రాయి మరో పల్లె గుడిలో సున్నం కింద ఉండి ఉంటే, కొటేషను పిలిచి తెచ్చిన యంత్రం ఒక పూటలో దాన్ని నున్నగా చేసేస్తుంది. నా గుడిలో ఒక స్తంభం అడుగున గీతల్లాంటివేవో ఉన్నాయని పూజారి చెప్పినట్టు నాకు లీలగా గుర్తు. ఇప్పుడు అక్కడ ఏమీ లేవు. సున్నం తీయవలసిందే అయితే నీళ్లతో నానబెట్టి, వెదురు చెక్కతో, మెత్తని కుంచెతో మెల్లమెల్లగా తీసే పద్ధతి ఉంది. పాచి పట్టిన చోట పలచని అమ్మోనియాతో కడిగే పద్ధతీ ఉంది. చదరపు అడుగుకు ఇంత అని రేటు కట్టినప్పుడు ఆ పద్ధతులకు ఎవరూ ముందుకు రారు.

దాతల విషయం సున్నితమైనది కాబట్టి క్లుప్తంగా చెబుతాను. భక్తితో ఇచ్చేవారిని తప్పుపట్టలేం. అయితే ప్రాంగణమంతా గ్రానైటు పరిచి, మళ్లీ పదేళ్లకు దాని మీద ఇంకో వరస పరిచి, గుడి అధిష్ఠానాన్ని, అంటే చెక్కడపు రాతి పీఠాన్ని, మోకాలిలోతున పూడ్చేసిన గుళ్లు నేను లెక్కపెట్టలేనన్ని చూశాను. వాన నీరు అప్పుడు బయటికి పోక గోడ మొదట్లోకి దిగుతుంది. ఇచ్చే డబ్బును దేనికి ఖర్చుపెట్టవచ్చో శాఖ ముందుగా చెబితే దాతలు కాదనరు.

నా విన్నపం మీ శాఖకే ఎందుకంటే, లేపాక్షి వీరభద్రాలయం, తాడిపత్రిలోని రెండు గుళ్లు, ఒంటిమిట్ట కోదండరామాలయం వంటివి 1958 నాటి కేంద్ర చట్టం కింద భారత పురావస్తు సర్వేక్షణ సంస్థ రక్షణలో ఉన్నాయి. వాటిని చూసుకునే ఇంజనీర్లకు, రసాయన విభాగానికి ఈ విషయాలు తెలుసు. లేపాక్షి 2022లో యునెస్కో తాత్కాలిక జాబితాలో కూడా చేరింది. మరికొన్ని 1960 నాటి రాష్ట్ర చట్టం కింద రాష్ట్ర పురావస్తు శాఖ చేతిలో ఉన్నాయి. ఈ రెండు జాబితాల్లోనూ లేని పల్లెటూరి రాతిగుళ్లు, మండపాలు, కోనేళ్లు, రథశాలలు మీ శాఖ పరిధిలోకి వస్తాయి. వాటి మరమ్మతుకు మీ శాఖ ఉమ్మడి నిధి అయిన సర్వశ్రేయోనిధి నుంచి డబ్బు ఇస్తున్నారు. ఆ డబ్బును ఏ ఎస్టిమేటు మీద ఇస్తున్నారన్నదే నేను ఎత్తుతున్న ప్రశ్న.

శ్రీకాళహస్తిలో శ్రీకృష్ణదేవరాయలు 1516లో కట్టించిన రాజగోపురం 2010 మే 26న కుప్పకూలిన రోజు మనందరికీ గుర్తుంది. దాదాపు 135 అడుగుల గోపురం అకస్మాత్తుగా పడలేదు, పగుళ్లు ముందే కనిపించాయి. పగులు కనిపించగానే దాన్ని పూడ్చాలని చూస్తాం గాని, అది పెరుగుతోందా నిలకడగా ఉందా అని కొలిచే అలవాటు మనకు లేదు. పగులుకు అడ్డంగా ఒక సన్నని గాజుపలక అతికించి, తేదీ రాసి, అది విరిగిందా లేదా అని నెలకోసారి చూడటానికి వంద రూపాయలు కూడా ఖర్చు కాదు. మా ఈశాన్యం మూల దూలానికి నేను సొంతంగా అలాంటి పలక అతికించి వచ్చాను. పదకొండు నెలలకు అది విరిగింది.

కాబట్టి మొదటగా, చారిత్రక రాతికట్టడాలకు మామూలు భవనాల రేట్ల పట్టిక వర్తించదని ప్రకటించి, ప్రత్యేకంగా ఒక పట్టిక తయారుచేయించండి. సున్నం నానబెట్టే కాలం, గానుగ ఖర్చు, రాతిపనివాడి రోజు కూలి, చేతితో శుభ్రం చేయడానికి పట్టే దినాలు అందులో ఐటమ్‌లుగా ఉండాలి. రేటు లేని పనిని ఏ ఇంజనీరూ ఎస్టిమేటులో రాయలేడు, రాస్తే ఆడిటువాళ్లు అభ్యంతరం పెడతారు. ఈ ఒక్క మార్పు జరిగితే మిగతావి చాలావరకు వాటంతట అవే దారికి వస్తాయని నా నమ్మకం. చెక్కడపు రాతి మీద శాండ్‌బ్లాస్టింగు, సిమెంటు పాయింటింగు, ఎనామెలు రంగు, పాత మండపాల మీద కాంక్రీటు స్లాబు నిషేధమని టెండరు షరతుల్లోనే రాయించండి. సాంకేతిక మంజూరుకు ముందు కట్టడం కొలతల పటాలు, నాలుగు వైపులా ఛాయాచిత్రాలు, శాసనాలుంటే వాటి నకళ్లు జతచేయడం తప్పనిసరి చేయండి.

రెండవది కాలం గురించి. నిధులు జనవరిలో విడుదలై మార్చి 31 లోగా ఖర్చు కావాలంటే సున్నంతో పనిచేయడం ఎవరి తరమూ కాదు. పైగా సంప్రోక్షణకు ముహూర్తం ముందే పెట్టుకుని పనిని దానికి సరిపడేలా తరుముతున్నాం. మన సంప్రదాయంలో ఈ తొందర లేదు. బాలాలయం అనే తాత్కాలిక గుడి ఏర్పాటు చేసి, మూర్తిని అక్కడికి తరలించి నిత్యపూజ ఆగకుండా చూసుకునే పద్ధతి ఉన్నదే జీర్ణోద్ధరణను నిదానంగా చేసుకోవడానికి. రాతిగుళ్ల పనులకు రెండేళ్ల గడువుతో, మధ్యలో మురిగిపోని నిధి ఇప్పించండి.

దీనితోపాటు, పెద్ద మరమ్మతుల కోసం ఎదురుచూడకుండా ఏటా ఒక చిన్న మొత్తం ప్రతి గుడికీ కేటాయించాలి. వానలకు ముందు మిద్దె మీది ఆకులు తీయించి తూములు శుభ్రం చేయించడానికి, గోడ సందుల్లో మొలిచిన రావి, మర్రి మొక్కలను వేలెడంత ఉన్నప్పుడే తీయించడానికి అది సరిపోతుంది. చెట్టయ్యాక వేరు పెరికితే దానితోపాటు గోడ కూడా వస్తుంది.

మూడవది మనుషుల గురించి. తక్కువకు పాడినవాడికి పని ఇచ్చే టెండరులో రోడ్డు కాంట్రాక్టరే గుడి పనికీ వస్తున్నాడు. ఆళ్లగడ్డ రాతిశిల్పానికి భౌగోళిక గుర్తింపు ఉంది, అక్కడి శిల్పులు దేశమంతటికీ విగ్రహాలు పంపుతున్నారు. తిరుపతిలో తితిదే నడిపే సంప్రదాయ శిల్పకళా సంస్థ నుంచి చదువుకున్న స్థపతులు (గుడి కట్టడపు నిపుణులు) వస్తున్నారు. వీరిలో అర్హులైనవారి జాబితా జిల్లాల వారీగా తయారుచేసి, వారి సంతకం లేనిదే ఎస్టిమేటు కదలకూడదని నియమం పెట్టండి. శిల్పులకు కూడా నేర్చుకోవలసింది ఒకటుంది. కొత్త విగ్రహం చెక్కడం వేరు, పాత రాతిని ఉన్నది ఉన్నట్టు నిలబెట్టడం వేరు. ముక్కు విరిగిన చిలకకు కొత్త ముక్కు అతికించాలని చేయి దురదపెట్టే శిల్పి మరమ్మతుకు పనికిరాడు. పురావస్తు శాఖ ఇంజనీర్లతో ఆరు వారాల శిక్షణ ఏర్పాటు చేస్తే ఆ తేడా పట్టుబడుతుంది.

ఇది మనకు రాని విద్య కాదు. శ్రీశైలం జలాశయంలో మునిగిపోయే గుళ్లను రాయి రాయికీ గుర్తు వేసి విప్పి, తీసుకుపోయి మళ్లీ పేర్చినవాళ్లం మనమే. రూపాల సంగమేశ్వరాలయం అలా కర్నూలు జగన్నాథగట్టు మీదికి వచ్చింది, కూడవెల్లి సంగమేశ్వరాలయం అలంపురం చేరింది. కర్నూలువాళ్లు సాయంత్రం గట్టెక్కి చూసే ఆ గుడి, ఈ రాష్ట్రపు ఇంజనీర్లూ రాతిపనివాళ్లూ కలిసి కూర్చుని ఓపిగ్గా పనిచేయగలరని కళ్లెదుట చూపిస్తోంది. ఆ ఓపికను ఒక మామూలు పల్లె మండపానికి కూడా ఇప్పించమనే నేను అడుగుతున్నాను.

చివరగా ఒక ప్రతిపాదన. కొత్త పద్ధతిని ఎక్కడో ఒకచోట మొదలుపెట్టి చూడాలని మీరు అనుకుంటే, నేను పాడుచేసిన మండపంతోనే మొదలుపెట్టించండి. అప్పటి కొలతలు, స్లాబు మందం, ఎక్కడెక్కడ సిమెంటు వేయించానన్న వివరాలు నా సొంత నోటుపుస్తకంలో ఉన్నాయి. గాజుపలక తేదీలూ ఉన్నాయి. దూలం కింద ముందుగా ఊతం నిలపాలి, ఆ తర్వాత స్లాబును యంత్రంతో అదరగొట్టకుండా చిన్న చిన్న ముక్కలుగా కోసి దింపాలి, ఆపైన మిద్దెకు గచ్చు వేయాలి. దానికి ఎస్టిమేటు నేను రుసుము లేకుండా రాసి ఇస్తాను, పరిశీలనకు మీరు ఎవరిని పంపినా వెంట వస్తాను. ఊరి పేరు బహిరంగంగా రాయకపోవడానికి కారణం, శాలువా కప్పినవాళ్లను ఇందులోకి లాగడం ఇష్టం లేకపోవడమే. మీ కార్యాలయం నుంచి కబురు వస్తే ఆ వివరాలన్నీ పట్టుకుని వచ్చి కలుస్తాను. వానలు మొదలయ్యే లోగా ఆ దూలానికి ఊతమైనా పడితే మంచిది.

భవదీయుడు,
ఒక విశ్రాంత ఇంజనీరు,
కడప